రెండు కామాల మీద తొమ్మిది వీడియోలు: అప్పోజిటివ్ కోర్సు చేశాక నా మాట

ఐదుకి మూడున్నర ఇస్తున్నాను. విడివిడిగా అడిగితే వీడియోలకి నాలుగున్నర, వాటి వెనకాల పెట్టిన క్విజ్‌కి రెండు, ఆ రెండూ మొహమాటానికి. కోర్సు పేరు చెప్పను, ఎందుకంటే ఇందులో తిట్లు కూడా ఉన్నాయి. పైగా ఇలాంటి కోర్సులన్నీ ఇంచుమించు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి కాబట్టి నేను చెప్పేది మీరు చేరబోయే ఇంకో దానికీ పనికొస్తుంది. ఇంగ్లిష్ గ్రామర్‌లో అప్పోజిటివ్ అనే ఒక్క విషయం మీద తొమ్మిది వీడియోలు, ఒక్కోటి పది నిమిషాల లోపే, ప్రతి దాని చివరా ఇరవై ప్రశ్నలు, కంప్యూటరే దిద్ది మార్కులేస్తుంది. పాఠం చెప్పేది తెలుగులోనే.

ఒక్క విషయానికి తొమ్మిది వీడియోలా అని మీరనుకోవచ్చు, నేనూ అనుకున్నాను. నేను చేరడానికి కారణం ఒక మెయిల్. మా టీమ్‌లో ఇద్దరు డిజైనర్లున్నారు. వాళ్లలో ఒకరు మీటింగ్‌లో మాట్లాడతారని చెప్పడానికి "అవర్ డిజైనర్, అరుణ, విల్ ప్రెజెంట్ ది వర్క్" అని రాసి అందరికీ పంపాను. రెండో డిజైనర్ నా దగ్గరకొచ్చి నవ్వుతూనే "మరి నేనెవర్ని?" అని అడిగాడు. నాకు అర్థం కాలేదు. అతని పేరు నేనెక్కడా తీసెయ్యలేదు కదా! తర్వాత తెలిసిందేమిటంటే, అరుణ పేరుకి అటూ ఇటూ నేను పెట్టిన ఆ రెండు కామాలకి "మాకున్నది ఒక్క డిజైనరే, ఆమె పేరు అరుణ" అని అర్థమట. కామాలు లేకుండా "అవర్ డిజైనర్ అరుణ" అని రాసి ఉంటే "మా డిజైనర్లలో అరుణ అనే ఆమె" అని అయ్యేది. కామా అంటే ఊపిరి పీల్చుకోవడానికి ఆగే చోటు అని చిన్నప్పటి నుంచీ నమ్ముకున్న మనిషిని నేను, ఊపిరి పీల్చుకుని ఒక మనిషిని మాయం చేశాను.

అసలు అప్పోజిటివ్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఒక నామవాచకం పక్కన, అదే వ్యక్తినో వస్తువునో ఇంకో పేరుతో చెప్పే ఇంకో నామవాచకం వచ్చి కూర్చుంటే అది అప్పోజిటివ్. లాటిన్‌లో పక్కన పెట్టడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. స్కూల్లో కొంతమంది దీన్నే నౌన్ ఇన్ అపోజిషన్ అని చదివి ఉంటారు, అపోజిషన్ అంటే ప్రతిపక్షం అనుకుని కంగారుపడి కూడా ఉంటారు. గుర్తుపట్టడం తేలికే, తలనొప్పంతా కామాల దగ్గరే. రిస్ట్రిక్టివ్ అయితే, అంటే ఎవరో ఏదో తేలడానికి ఆ పేరు కావాల్సి వస్తే, కామాలు వద్దు. నాన్‌రిస్ట్రిక్టివ్ అయితే, అంటే అది అదనపు సమాచారం మాత్రమే అయితే, రెండు కామాలు. రూల్ ఒక్క లైనే. ఆ లైన్‌ని వాడేటప్పుడు మాత్రం చెమటలు పడతాయి.

ఈ కోర్సులో నాకు బాగా నచ్చింది రెండో వీడియో. అందులో సార్ ఉదాహరణలన్నీ ఆకాశం నుంచి తెచ్చాడు, అది చాలా తెలివైన పని, ఎందుకో చెప్తాను. "జూపిటర్స్ మూన్ యూరోపా ఈజ్ కవర్డ్ విత్ ఐస్." ఇక్కడ కామాలు లేవు, ఎందుకంటే గురుగ్రహానికి 90కి పైగా ఉపగ్రహాలున్నాయి, యూరోపా అన్న పేరు చెప్తే తప్ప దేని గురించి మాట్లాడుతున్నామో తేలదు. "జూపిటర్స్ లార్జెస్ట్ మూన్, గానిమీడ్, ఈజ్ బిగ్గర్ దాన్ మెర్క్యురీ." ఇక్కడ రెండు కామాలు, ఎందుకంటే అతిపెద్దది ఒక్కటే ఉంటుంది, లార్జెస్ట్ అన్న మాటతోనే ఏదో తేలిపోయింది, గానిమీడ్ అన్న పేరు అదనంగా ఇచ్చిన సమాచారం. రెండు వాక్యాల్లోనూ గ్రహం అదే, వాక్య నిర్మాణమూ అదే, తేడా ఎక్కడుందంటే లెక్కలో. అలాంటివి ఎన్ని ఉన్నాయి? ఒకటే ఉంటే కామాలు, ఒకటి కంటే ఎక్కువుంటే కామాలు తీసెయ్. ఎన్ని ఉన్నాయో ఎవరైనా చూసుకోగలిగిన ఉదాహరణలు ఎంచుకున్నాడు కాబట్టే పాఠం బుర్రకెక్కింది.

ఆ వీడియో ఆపి నాలో నేనే ఒకటి ఆలోచించాను, ఇది కోర్సులో లేదు. శనిగ్రహం చుట్టూ తిరిగే టైటన్ అనే ఉపగ్రహాన్ని హైగెన్స్ అనే ఖగోళశాస్త్రవేత్త 1655లో కనిపెట్టాడు. రెండో ఉపగ్రహం ఐయాపిటస్‌ని కాసీని అనే ఇంకో ఖగోళశాస్త్రవేత్త చూసింది 1671లో. అంటే ఆ మధ్య పదహారేళ్లూ మనుషులకి తెలిసినంతలో శనికి ఉపగ్రహం ఒక్కటే, అప్పుడు "సాటర్న్స్ మూన్, టైటన్," అని రెండు కామాలతో రాస్తే తప్పు కాదు. (టైటన్ అన్న పేరు 1847లో జాన్ హెర్షెల్ పెట్టాడు, కాబట్టి అప్పట్లో ఎవరూ ఆ వాక్యం రాసి ఉండరు, అది వేరే సంగతి.) 1671లో ఎవరో దుర్భిణిలోంచి చూడగానే ఆ రెండు కామాలూ తప్పైపోయాయి. వాక్యంలో అక్షరం మారలేదు, ఆకాశంలో ఇంకోటి కనపడింది, అంతే. నాకు విషయం తలకెక్కింది అక్కడే. ఈ కామా గ్రామర్‌ది అనుకుంటాం గానీ ఇది లోకంలో ఉన్న సంగతి తెలిస్తేనే పెట్టగలిగే కామా.

మూడో వీడియోలో మాత్రం నాకు చిర్రెత్తింది. బొటనవేలి టెస్ట్ అని ఒకటి చెప్తారు. అప్పోజిటివ్‌ని బొటనవేలితో మూసేసి మిగతా వాక్యం చదవండి, వాక్యం నిలబడితే కామాలు పెట్టండి అని. ఇది తప్పు, కనీసం సగం తప్పు. "జూపిటర్స్ మూన్ ఈజ్ కవర్డ్ విత్ ఐస్" అన్న వాక్యం గ్రామర్ ప్రకారం నిటారుగా నిలబడుతుంది, కానీ చదివినవాడు ఏ మూన్ అని అడుగుతాడు. దాదాపు ఏ అప్పోజిటివ్ తీసేసినా వాక్యం నిలబడుతుంది, కాబట్టి ఆ టెస్ట్ పట్టుకుంటే అన్ని చోట్లా కామాలు పెట్టేస్తాం, నా మెయిల్‌లో జరిగింది అదే. వేలితో మూసినప్పుడు అడగాల్సింది వాక్యం నిలబడిందా అని కాదు, ఎవరి గురించో, దేని గురించో ఇంకా తెలుస్తోందా అని. సార్ ఈ ముక్క ఐదో వీడియోలో దారిన పోతూ అంటాడు, కానీ మూడో వీడియోలో బోర్డు మీద పెద్దక్షరాల్లో రాసింది మాత్రం మొదటిదే.

ఇంకో చిక్కు ఎసెన్షియల్, నాన్ ఎసెన్షియల్ అన్న పేర్లతో. రిస్ట్రిక్టివ్ అన్న మాట నోరు తిరగదని ఇవి వాడారు. వింటే ముఖ్యమైనది, ముఖ్యం కానిది అనిపిస్తుంది. "నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, ది ఫస్ట్ పర్సన్ టు వాక్ ఆన్ ది మూన్, డైడ్ ఇన్ 2012." ఇందులో కామాల మధ్య ఉన్నది ఆ మనిషి జీవితంలోనే అతి పెద్ద సంగతి, అయినా దాని పేరు నాన్ ఎసెన్షియల్! ఇక్కడ ఎసెన్షియల్ అంటే ఎవరో గుర్తుపట్టడానికి కావలసింది అని మాత్రమే, నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అన్న పేరుతోనే గుర్తుపట్టేశాం కాబట్టి మిగతాది ఎంత గొప్పదైనా కామాల మధ్యకి పోతుంది. అదే తిరగేసి "ది ఆస్ట్రోనాట్ నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్" అంటే కామాలు రావు, వ్యోమగాములు బోలెడంత మంది. "ది ఫస్ట్ పర్సన్ టు వాక్ ఆన్ ది మూన్, నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్," అంటే మళ్లీ వస్తాయి, మొదటివాడు ఒక్కడే. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూపించడం బాగుంది, దానికి మార్కులు ఇవ్వాల్సిందే.

రెండో కామా గురించి ఒక వీడియో మొత్తం కేటాయించారు, ఇది కోర్సులో అందరికీ అక్కరకొచ్చే భాగం. మనలో చాలామంది మొదటి కామా పెట్టి రెండోది మర్చిపోతాం, తలుపు తీసుకుని లోపలికొచ్చి వెయ్యకుండా వదిలేసినట్టు. కామాలు జంటగా ఉంటాయి, ఒకటి పెడితే రెండోది పెట్టి తీరాలి, వాక్యం చివర అప్పోజిటివ్ వస్తే మాత్రం రెండో కామా బదులు ఫుల్‌స్టాప్ వస్తుంది. మర్చిపోతే ఏమవుతుందో చూపించడానికి సార్ ఇచ్చిన ఉదాహరణ నాకు తెగ నచ్చింది. "రవి, మై ఫ్రెండ్, ఈజ్ హియర్" అంటే నా స్నేహితుడు రవి వచ్చాడని. రెండో కామా తీసేసి "రవి, మై ఫ్రెండ్ ఈజ్ హియర్" అంటే? రవిని పిలిచి, ఒరేయ్ నా ఫ్రెండ్ వచ్చాడురా అని చెప్తున్నట్టు. ఒక్క కామా పోతే వచ్చినవాడు వినేవాడైపోయాడు.

డాష్, కోలన్ గురించి చెప్పింది క్లుప్తంగా ఉన్నా చాలు. అప్పోజిటివ్ లోపలే కామాలుంటే బయట కూడా కామాలు పెడితే ఏది ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో తెలీదు, అప్పుడు డాష్‌లు: "ది ఫోర్ మూన్స్ — అయో, యూరోపా, గానిమీడ్, అండ్ కాలిస్టో — వర్ సీన్ బై గెలీలియో ఇన్ 1610." జాబితా చివర్లో వస్తే కోలన్ కూడా పెట్టొచ్చు: "మార్స్ హ్యాజ్ టూ మూన్స్: ఫోబోస్ అండ్ డైమోస్." ఆర్ అన్న మాటతో వచ్చే అప్పోజిటివ్ ఒకటుంది, అది నాకు కొత్త. "పొలారిస్, ఆర్ ది నార్త్ స్టార్," అని కామాలతో రాస్తే ఒకే నక్షత్రానికి రెండు పేర్లని, కామాలు లేకపోతే ఇదో అదో అన్నట్టు రెండు నక్షత్రాల మాటలా వినపడుతుంది. ప్రొఫెసర్ లాంటి బిరుదు పేరుకి ముందు అతుక్కుంటే కామా ఉండదు, అలెగ్జాండర్ ది గ్రేట్ లాంటి వాటిలోనూ ఉండదు, వీటికి కారణాలు వెతక్కుండా గుర్తుపెట్టుకోవడమే.

ఏడో వీడియో ఒక్కదాని కోసమైనా ఈ కోర్సు చూడొచ్చు. "రవి, మై డాక్టర్, అండ్ సీత కేమ్." ఎంతమంది వచ్చారు? రవే నా డాక్టర్ అయితే ఇద్దరు, రవి వేరు డాక్టర్ వేరు అయితే ముగ్గురు. జాబితాలో అండ్‌కి ముందు కామా పెట్టే అలవాటున్న వాళ్లకి ఈ చిక్కు వస్తుంది. అలవాటు లేని వాళ్లకి ఇంకో రకం చిక్కు: "ఐ థ్యాంక్ మై టీచర్స్, రాము అండ్ సీత" అంటే నా టీచర్ల పేర్లు రాము, సీతా, లేక టీచర్లకీ, వాళ్లతో పాటు రాము సీతలకీ థ్యాంక్సా? ఆ కామా పెట్టాలి, వద్దు అని రెండు వర్గాలు కొట్టుకోవడం అందరికీ తెలుసు, కానీ ఆ గొడవకి మూలంలో ఉన్నది అప్పోజిటివ్ అని నాకు ఇన్నాళ్లూ తట్టలేదు. సార్ ఏ పక్షమూ పట్టలేదు. వాక్యమే తిప్పి రాయండి, "సీత అండ్ మై డాక్టర్, రవి, కేమ్" అంటే గొడవే లేదు అన్నాడు. ఈ సలహా నాకు రూల్స్ అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది.

ఎనిమిదో వీడియోలో ఐ, మి తేడా ఉంది. "టూ ఆఫ్ అస్, రవి అండ్ ఐ" అని నోటికొచ్చేస్తుంది, అక్కడ మి రావాలి, ఎందుకంటే పక్కనున్నది అస్. పక్కవాడు ఏ వేషంలో ఉంటే అప్పోజిటివ్ కూడా ఆ వేషం వేసుకోవాలి. తొమ్మిదోది దట్ తో వచ్చే క్లాజుల మీద, దాన్ని హడావిడిగా ముగించేశారు, నాకు పూర్తిగా అర్థం కాలేదు, రెండోసారి చూసే ఓపిక కూడా లేకపోయింది.

ఇప్పుడు క్విజ్ సంగతి. వీడియోల్లో అంత జాగ్రత్తగా గ్రహాలూ ఉపగ్రహాలూ లెక్కపెట్టిన వాళ్లు, క్విజ్‌లో "మై బ్రదర్ రవి ఈజ్ ఎ పైలట్" అని ఇచ్చి కామాలు పెట్టమన్నారు. ఎన్ని పెట్టను? నాకు ఎంతమంది అన్నదమ్ములో క్విజ్ రాసినవాడికి తెలుసా? ఒక్కడే ఉంటే రెండు కామాలు, ఇద్దరుంటే సున్నా. వాక్యం ముందు "నాకు ఒక్కడే అన్న" అని చిన్న మాట వేసి ఉంటే సరిపోయేది. నేను కామాలు లేకుండా వదిలేస్తే తప్పన్నాడు, ఎర్ర గుర్తు, పైగా "రూల్ మళ్లీ చూసుకోండి" అని ఒక మెసేజ్. నా పేపర్‌లో తప్పులుగా వచ్చినవి చూస్తే ఎక్కువ భాగం ఈ రకంవే, మై ఫ్రెండ్, మై కజిన్, అవర్ మేనేజర్. కామాలు పెట్టని ప్రతిసారీ తప్పే. భార్యాభర్తల విషయంలో "మై వైఫ్ లక్ష్మి" అని కామాలు లేకుండా రాసినా ఎవరూ ఇద్దరు భార్యలనుకోరు, చాలామంది ఎడిటర్లు వదిలేస్తారు, ఈ యంత్రం మాత్రం వదలదు. ఒక్క జవాబే పెట్టుకున్న యంత్రానికి, వాక్యం బయట ఉన్న సంగతి మీద ఆధారపడే ప్రశ్న ఇస్తే ఇలాగే ఉంటుంది. నేర్చుకునే వాళ్లు దీన్ని నమ్మితే నా మెయిలే మళ్లీ రాస్తారు.

తెలుగులో చెప్పే కోర్సు కదా, తెలుగు వ్యాకరణాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదే అన్నది నా ఇంకో బాధ. స్కూల్లో సంభావనా పూర్వపద కర్మధారయం అని నోరు నొప్పెట్టేలా బట్టీ పట్టాం గుర్తుందా? గంగానది అంటే గంగ అనే పేరుగల నది. ఆ లెక్కన గురుగ్రహం అంటే గురువు అనే పేరుగల గ్రహం. అది చాలావరకు ఈ కామాల్లేని అప్పోజిటివే కదా! నాకు పనికొచ్చిన చిట్కా ఇక్కడి నుంచే వచ్చింది. ఇంగ్లిష్ వాక్యాన్ని మనసులో తెలుగులో అనుకుంటాను. "యూరోపా అనే ఉపగ్రహం" అని "అనే" సహజంగా పడితే కామాలు పెట్టను. "అతిపెద్ద ఉపగ్రహమైన గానిమీడ్" అని "అయిన" పడితే రెండు కామాలు పెడతాను. "మా డిజైనర్లలో అరుణ అనే ఆమె" దగ్గర "అనే" వచ్చింది చూశారా, అప్పుడే ఇది తెలిసుంటే ఆ మెయిల్ అలా వెళ్లేది కాదు. అన్ని చోట్లా పని చెయ్యదు, "వ్యోమగామి అయిన ఆర్మ్‌స్ట్రాంగ్" అని కూడా అనగలం మరి, అలాంటప్పుడు మళ్లీ ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టుకోవాల్సిందే. అయినా పదిలో ఏడెనిమిది సార్లు దారి చూపిస్తోంది నాకు.

ఎవరికి పనికొస్తుందంటే, రోజూ ఇంగ్లిష్‌లో మెయిళ్లు, రిపోర్టులు రాసేవాళ్లకి, అనువాదాలు చేసేవాళ్లకి. పరీక్ష కోసం మాత్రమే అయితే రెండు, నాలుగు, ఏడు వీడియోలు చూసి ఆపెయ్యండి. క్విజ్ చెయ్యండి గానీ మార్కులు పట్టించుకోకండి, ప్రతి ప్రశ్న ముందూ "ఒకటే ఉందా, ఎక్కువున్నాయా" అని మీరే రాసుకుని రెండు రకాలుగానూ జవాబు చెప్పండి, అదే అసలు ప్రాక్టీసు.

పైలట్ రవి ప్రశ్న గురించి వాళ్లకి ఫిర్యాదు రాశాను, అన్నదమ్ములు ఎంతమందో చెప్పకుండా ఎలా అడుగుతారని. మూడు రోజులకి జవాబొచ్చింది, మర్యాదగానే ఉంది. "అవర్ గ్రామర్ ఎక్స్‌పర్ట్, విద్య హ్యాజ్ రివ్యూడ్ యువర్ క్వశ్చన్" అని మొదలైంది. విద్య తర్వాత కామా కోసం చాలాసేపు వెతికాను, లేదు. వాళ్ల దగ్గర ఎక్స్‌పర్ట్ ఒక్కరేనా, ఇంకెవరైనా ఉన్నారా అని తిరిగి రాద్దామనుకుని ఊరుకున్నాను.